ఒకసారి కిందికి వచ్చి చూడగలరా

అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు దొరికిన మిత్రులకు, దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డ మిత్రులకు, రెండో వరుసలో కూర్చున్న మా అమ్మాయికి, దాని మేనమామకు నమస్కారాలు.

ఇవాళ నా ఆఖరి పనిదినం. అది ఎలా గడిచిందో ముందు చెబుతాను. మిగతాది దాని వెనకే వస్తుంది.

ఉదయం తొమ్మిది నలభైకి వచ్చాను. బీరువా తాళాలు, సర్వర్ గది తాళం, పాస్‌వర్డులు రాసిన కవరు నా తర్వాత బాధ్యత తీసుకునే ఆయనకు అప్పగించి సంతకం తీసుకున్నాను. నా డ్రాయరులో ఒక కళ్లజోడు పెట్టె, రెండు రీఫిల్స్, మూత లేని జిగురు సీసా మిగిలాయి. అవి సంచిలో వేసుకున్నాను. పదిన్నరకు సూపరింటెండెంటుగారు ఫిర్యాదుల పుస్తకం పట్టుకుని వచ్చారు. మనమందరం చాటున ఆయన్ని రూళ్లకర్ర అంటామని ఆయనకు తెలుసు. (నవ్వులు) తెలుసు లెండి, ఆయనే నాతో చెప్పారు. "ఇదేమిటండీ, ఒకటి పెండింగు ఉంది! సాయంత్రం సన్మానపత్రంలో పెండింగు లేదని అచ్చువేయించాం," అన్నారు. ఆ గొంతులో కంగారు నా గురించి కాదు, అచ్చు గురించి.

చూశాను. లెక్కల విభాగం నుంచి వచ్చిన ఫిర్యాదు. "ఇంటర్‌ప్రెటర్‌లో పై బాణం నొక్కితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి." రాసింది మా ఆవిడ పోయాక ఆ కుర్చీలోకి వచ్చిన ఉద్యోగిని. అదిగో, తలుపు దగ్గర ఉన్నారు. తల దించుకోకండమ్మా, మీరు తప్పేమీ రాయలేదు.

మామూలుగా అయితే నేనేం చేసేవాణ్నో ఈ హాల్లో అందరికీ తెలుసు. మా కంప్యూటర్ విభాగం గదిలోని యంత్రం మీద అదే పని చేసి చూసేవాణ్ని. అక్కడ రాకపోతే, "లోపం కనిపించలేదు, మూసివేయడమైనది" అని రాసి సంతకం పెట్టేవాణ్ని. ఆ పద్ధతి పెట్టింది నేనే. పుస్తకం మొదటి పేజీలో నా చేతిరాతతోనే ఉంది. ఇవాళ మా గది యంత్రం అప్పటికే అప్పగించేశాను. పరీక్షించడానికి నా దగ్గర ఏ యంత్రమూ లేదు. అందుకని, గొప్ప మనసుతో కాదు, గతిలేక మెట్లు దిగాను.

రెండో అంతస్తు నుంచి మొదటి అంతస్తుకు ఇరవై రెండు మెట్లు. పంతొమ్మిదేళ్లుగా రోజూ దిగుతున్నాను, ఇంటికి వెళ్లడానికి. సాయంత్రం అయిదున్నరకు మా ఆవిడ చేతిసంచితో లాండింగులో నిలబడి ఉండేది. ఇద్దరం కలిసి కిందికి వెళ్లేవాళ్లం. లాండింగు నుంచి ఎడమకు తిరిగితే ఆమె గది. అటు తిరిగే పని నాకు ఎప్పుడూ పడలేదు.

నాకు ముందు ఆరుగురు మాట్లాడారు. యూనియన్ కార్యదర్శిగారు చాలా బాగా మాట్లాడారు. "నిష్పాక్షికత అంటే ఈయనే. సొంత భార్య ఫిర్యాదు చేసినా వరుసలోనే చూశారు, పక్కదారిలో చూడలేదు," అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. నేను మీ ముఖాలు చూస్తూ కూర్చున్నాను. కార్యదర్శిగారూ, మీరు అన్నది అక్షరాలా నిజం. ఆ నిజం గురించే ఇప్పుడు మాట్లాడాలి.

ఆరు ప్రసంగాల్లో మా ఆవిడ ప్రస్తావన ఆ ఒక్కచోటే వచ్చింది. అదీ నా నిష్పాక్షికతకు సాక్ష్యంగా. ఈ భవనంలో ఆమె ఇరవై రెండేళ్లు పనిచేసింది. నదుల నీటిమట్టాల లెక్కలు చూసేది. ఇక్కడున్న కొత్తవాళ్లకు తెలియని ఒక సంగతి చెబుతాను. ఒక వంతెన దగ్గర కొలబద్ద చూపిస్తున్న అంకెలు ఆమెకు నచ్చలేదు. నీళ్లు ఏటా కొంచెం కొంచెం పెరుగుతున్నట్టు చూపిస్తోంది. నదికి ఎగువనున్న ఊళ్లో మాత్రం పెరగడం లేదు. అందరూ "అంకెలు వచ్చాయిగా, వేసెయ్యండి," అన్నారు. ఆమె సెలవు పెట్టి, బస్సెక్కి, ఆ వంతెన దగ్గరికి వెళ్లింది. బురదలో దిగి చూసింది. కొలబద్ద పాతిన దిమ్మె ఏడాదికి వేలెడు చొప్పున కుంగుతోంది. నీళ్లు పెరగడం లేదు, కర్ర దిగిపోతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చింది. "వెళ్లి చూడాలండీ, కూర్చుంటే తెలియదు," అంది. నేను పేపరు చదువుతూ ఊఁ కొట్టాను.

ఆ వంతెన దగ్గరి పన్నెండేళ్ల అంకెలన్నీ సరిచేసే పని ఆమె మీదే పడింది. ఆ పనికి ఆమె వాడినదే ఈ ఇంటర్‌ప్రెటర్. తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. లినక్స్ అనే వ్యవస్థతో నడిచే మన కంప్యూటర్లలో అదొక ప్రోగ్రాము. ఒక వరుస రాసి ఎంటర్ నొక్కితే వెంటనే జవాబు చెబుతుంది. మళ్లీ ఇంకో వరుస రాయాలి. ఒక రకంగా సంభాషణ. తప్పు రాస్తే తప్పని చెబుతుంది. అప్పుడు పై బాణం నొక్కితే మనం రాసిన పాత వరుస తిరిగి వస్తుంది. అందులో ఒక్క అక్షరం దిద్దుకుని మళ్లీ ఎంటర్ నొక్కుకోవచ్చు. పై బాణం పనిచేయకపోతే ఆ వరుస మొత్తం మొదటి అక్షరం నుంచి కొట్టుకోవాలి. ఆమె వరుసలు తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఉండేవి.

మూడేళ్ల కిందట కింది యంత్రాల్లో కొత్త ఇంటర్‌ప్రెటర్ వేశాను. సిద్ధంగా దొరికేది వద్దనుకుని, దాని మూలం, అంటే సోర్స్ కోడు, తెచ్చి, నా చేత్తో కట్టి పెట్టాను. దాని గురించి కరపత్రం కూడా వేశాం, డైరెక్టరుగారికి గుర్తుండే ఉంటుంది. మా గదిలో మాత్రం పాతదే ఉంచుకున్నాను. అలవాటైనది కదా.

కొత్తది వేసిన వారానికి మా ఆవిడ మొదటి ఫిర్యాదు రాసింది. ఈ పుస్తకంలోనే ఉంది. "అయ్యా, పై బాణం నొక్కితే పాత వరుసకు బదులు ఒక టోపీ గుర్తు, రెండు బ్రాకెట్లు, ఒక ఇంగ్లీషు ఏ పడుతున్నాయి." అయ్యా అని రాసింది. పుస్తకంలో అందరూ అలాగే రాయాలని నియమం. నేను మా గదిలో పాత ఇంటర్‌ప్రెటర్‌లో నొక్కి చూశాను. బ్రహ్మాండంగా పాత వరుస వచ్చింది. లోపం కనిపించలేదు. మూసివేయడమైనది.

మా ఇంట్లో ఇంకో నియమం ఉండేది. ఆఫీసు సంగతులు భోజనాల బల్ల దగ్గర ఎత్తకూడదు. అదీ నేను పెట్టిందే. ఒకే కార్యాలయంలో మొగుడూ పెళ్లాలం, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని నా భయం. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ అంది.

"ఏమండీ, ఆ పై బాణం సంగతి..."

"ఇంట్లో వద్దన్నాం కదా. పుస్తకంలో రాయి."

"రాశానండీ."

"రాశావుగా, జవాబు వస్తుంది."

"వచ్చింది. అది చూశాకే మిమ్మల్ని అడుగుతున్నాను."

మా అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. (నవ్వులు) మీరూ నవ్వుతున్నారు. ఆమె నవ్విందో లేదో నేను చూడలేదు. "సరే, ఇంకోసారి రాయి," అన్నాను.

రాసింది. రెండో ఫిర్యాదు. మళ్లీ మా గది, మళ్లీ మా యంత్రం, మళ్లీ అదే జవాబు.

మూడోది ఎనిమిది నెలల తర్వాత రాసింది. అప్పటికి ఆమెకు వైద్యం మొదలైంది. వారానికి మూడు రోజులే వచ్చేది. ఆ ఫిర్యాదు చదువుతాను. పొడవేమీ లేదు. "అయ్యా, పై బాణం ఇప్పటికీ పనిచేయడం లేదు. వరుసలన్నీ మళ్లీ మళ్లీ కొట్టుకోవలసి వస్తోంది. ఒకసారి కిందికి వచ్చి చూడగలరా."

దాని కింద నా రాత. లోపం కనిపించలేదు. మూసివేయడమైనది. సంతకం, తేదీ.

నీళ్లు అక్కర్లేదండీ. ఉన్నాయి.

మా బావమరిది ఇక్కడే ఉన్నాడు. ఆ రోజుల్లో ఒకసారి ఇంటికి వచ్చి, "బావా, అక్క కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని కూర్చుంటోంది, చూశావా?" అని అడిగాడు. "మందుల వల్ల ఒళ్లు నొప్పులు ఉంటాయన్నారు డాక్టరుగారు," అన్నాను. "మందులు వేసుకునేది నోటితో కదా బావా, నొప్పి చేతికేమిటి?" అన్నాడు. వీడికి అన్నీ వెటకారాలే అనుకున్నాను. మర్నాడు ఒక నొప్పుల మందు తెచ్చి ఆమె పక్కన పెట్టాను. భర్తగా నా పని అయిపోయిందనుకున్నాను.

ఇక ఇవాళ్టి సంగతి. పదకొండు గంటలకు మొదటిసారి లాండింగులో ఎడమకు తిరిగాను. ఆ గదిలో కిటికీ ఉంటుందని నాకు తెలియదు. కుర్చీ ఆమెదే, మార్చలేదు. మెత్త మాత్రం కొత్తది. నేను నిలబడే ఉంటే, "కూర్చోండి సార్, నిలబడి నొక్కితే మీకూ లోపం కనిపించదేమో," అన్నారు ఆ ఉద్యోగిని. తర్వాత నాలిక కరుచుకున్నారు. ఆవిడకు తెలియదు, ఆ మాట నాకు ఎంత తగిందో. కూర్చున్నాను.

పై బాణం నొక్కాను. టోపీ గుర్తు. రెండు బ్రాకెట్లు. ఏ.

ముందు కీబోర్డును అనుమానించాను. పక్క బల్ల మీదిది తెచ్చి తగిలించాను. అదే వచ్చింది. ఇంటర్‌ప్రెటర్ బయటికి వచ్చి, మామూలు లినక్స్ తెరలో నొక్కాను. అక్కడ పాత ఆదేశాలు చక్కగా వచ్చాయి. అంటే కీబోర్డూ బాగుంది, తెరా బాగుంది. లోపలికి వెళితేనే తేడా. ఈ యంత్రంలో నడుస్తున్నది ఏ ఇంటర్‌ప్రెటరో చూశాను. నేను కట్టింది. రాసిన వరుసలను దిద్దుకోనిచ్చే, గుర్తుపెట్టుకునే చిన్న లైబ్రరీ ఒకటి ఉంటుంది, రీడ్‌లైన్ అంటారు. దాన్ని పిలిచాను. అలాంటిది లేదంది.

మూడేళ్ల కిందట కట్టినప్పటి నమోదు ఇంకా డిస్కులో ఉంది. తెరిచాను. వేల వరుసలు. చివరికి దగ్గర్లో, కొన్ని భాగాలు దొరకలేదు, అవి లేకుండానే కడుతున్నాను అని ఆ ప్రోగ్రాము మర్యాదగా చెప్పింది. దొరకని వాటిలో రీడ్‌లైన్ ఉంది. ఆ రోజు ఆ వరుస నా కళ్ల ముందు నుంచే పైకి జరిగిపోయి ఉంటుంది. అది హెచ్చరిక, లోపం కాదు. హెచ్చరికలు నేను చదివేవాణ్ని కాదు.

కావలసిన ఫైళ్లు వేసి మళ్లీ కట్టాను. కారణం పట్టుకోవడానికి అరగంట, కట్టడానికి పదకొండు నిమిషాలు. ఆ మూడు ఫిర్యాదుల్లో ఏ ఒక్కదానికైనా ఇరవై రెండు మెట్లు దిగి ఉంటే సరిపోయేది.

ఇంటర్‌ప్రెటర్ కొత్తగా తెరిచాను. ఏమీ రాయకుండా, పనిచేస్తుందో లేదోనని పై బాణం నొక్కాను.

ఒక వరుస వచ్చింది.

నేను రాసింది కాదు. ఆ ఉద్యోగిని వంగి చూసి, "నేనూ కాదు సార్, ఇదెవరు రాశారు?" అన్నారు. లెక్కల విభాగం మొత్తానికి లాగిన్ ఒక్కటే. రీడ్‌లైన్ ఉన్నప్పుడు రాసిన వరుసలు ఒక ఫైల్లో భద్రంగా ఉంటాయి. లేనప్పుడు ఆ ఫైలును ఎవరూ ముట్టుకోరు. మూడేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను కొత్తది వేయడానికి ముందురోజు సాయంత్రం మా ఆవిడ రాసిన ఆఖరి వరుస అది.

లెక్క కాదు. ముందు ఒక గళ్ల గుర్తు, హాష్ అంటారు, పెట్టింది. ఆ గుర్తు తర్వాత ఏం రాసినా యంత్రం పట్టించుకోదు, జవాబు చెప్పదు. మనుషుల కోసం వదిలిన జాగా. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది. "రేపు ఆయన కొత్తది వేస్తారట. చాలా బాగుంటుందంటున్నారు. చూడాలి."

ఇంకా పైకి నొక్కాను. నాలుగైదు లెక్కలకు ఒకటి చొప్పున ఆ గళ్ల గుర్తు వరుసలు. "ఈ అంకె తప్పు, వంతెనవాళ్లకు ఫోను చెయ్యాలి." "అమ్మాయి ఫలితాలు ఇవాళ." "ఆయన గొడుగు నా దగ్గరే ఉండిపోయింది, వాన పట్టింది, దిగి వస్తారేమో." ఆ వాన నాకు గుర్తు లేదు. దిగి రాలేదని మాత్రం తెలుసు.

ఆమెకు ఈ అలవాటు ఉందని నాకు ఇవాళ తెలిసింది. ముప్ఫై ఏళ్ల కాపురం తర్వాత.

ఇప్పుడు అసలు మాట. నేను కట్టిన దాంట్లో ఆమె ఇరవై ఆరు నెలలు పనిచేసింది. వైద్యం జరిగిన నెలలు అందులోనివే. జుట్టు రాలి తలకు గుడ్డ కట్టుకుని వచ్చిన నెలలు, మధ్యాహ్నం తినలేక డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చిన నెలలు. అప్పుడూ ఆ గుర్తు పెట్టి ఏవో రాసుకునే ఉంటుంది. నాతో చెప్పేందుకు బల్ల దగ్గర వీలు లేదు కదా. వెతికాను. మధ్యాహ్నం రెండు దాకా డిస్కు మొత్తం వెతికాను. లేవు. ఉండవు. ఇంటర్‌ప్రెటర్ మూసిన ప్రతిసారీ ఆ రోజు రాసినవన్నీ పోయాయి. ఎవరో చెరిపేసినవి కావు. దాచేదాన్ని నేను పెట్టలేదు.

అమ్మాయ్, ఏడవకు. ఇంటికి వెళ్లాక మాట్లాడుకుందాం. ఏ సంగతైనా, బల్ల దగ్గరే.

సన్మానపత్రం చదివారు. మూడు వేల నూట నలభై ఫిర్యాదులు, ఒక్కటీ పెండింగు లేదు అని. లెక్క సరైనదే. మధ్యాహ్నం పుస్తకం మొత్తం తిరగేశాను. అందులో నాలుగు వందల పన్నెండు చోట్ల లోపం కనిపించలేదని రాసి ఉంది. వాటిలో ఎన్ని లేనివో, ఎన్ని నేను చూడనివో నాకు తెలియదు. మీకు తెలుసు. ఈ హాల్లో నవ్వుతూ నా మెడలో దండ వేసినవాళ్లలో ఎందరు ఆ జవాబు చదివి, పళ్లు కొరికి, యంత్రాన్ని సర్దుకుని బతికారో మీకు తెలుసు. ఒక్కరైనా పైకి వచ్చి నన్ను తిట్టి ఉండాల్సింది. మీ మర్యాద వల్ల నాకు మేలు జరగలేదు.

డైరెక్టరుగారికి ఒక విన్నపం. మా ఆవిడ రాసిన ఆ మూడు ఫిర్యాదులను తిరిగి తెరవడానికి అనుమతి ఇవ్వండి. కింద ఇలా రాస్తాను: లోపం ఉంది. లోపం ఈ విభాగానిది. మూడేళ్ల తర్వాత సరిచేయడమైనది. అంతే. ఆమె తప్పు నొక్కలేదని ఆ పుస్తకం ఒప్పుకోవాలి. ఇంకేమీ అడగను.

సూపరింటెండెంటుగారు లేస్తున్నారు. తెలుసండీ. మూసిన ఫిర్యాదును తిరిగి తెరవరాదు, నాలుగో నియమం. అది రాసిన చెయ్యి ఇదే. (ఎవరో నవ్వారు) అందుకే నియమం ప్రకారం కాదు, డైరెక్టరుగారి సంతకంతో అడుగుతున్నాను.

ఏమండీ? మైకులో చెబితే అందరికీ వినిపిస్తుంది. "రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం" అంటున్నారు డైరెక్టరుగారు. మంచిది. రేపు అన్నారు, వద్దనలేదు. నేను ఆమెకు ఆపాటి మాట కూడా ఇవ్వలేదు.

ఈ శాలువా తీసుకుంటాను, కప్పినవారి చేతులు మంచివి. ఈ ఫలకం మాత్రం బల్ల మీదే ఉంచుతున్నాను. దాని మీదా ఒక్కటీ పెండింగు లేదనే చెక్కారు, ఆ మాట నిజమయ్యే రోజున తీసుకుంటాను.

ఇంత శ్రమపడి సభ పెట్టిన మిత్రులకు కృతజ్ఞతలు. మూడుసార్లు నా జవాబు చదివాక కూడా సాయంత్రం అయిదున్నరకు లాండింగులో నా కోసం నిలబడిన మనిషికి ఏం చెప్పాలో నాకు తెలియదు. నాలుగోసారి రాసి నన్ను దించిన ఆ ఉద్యోగినికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మీ ఫిర్యాదు మూసేశానమ్మా, కానీ ఇంకా ఏవైనా ఉంటే రాసి పెట్టండి.

సెలవు. రేపు ఉదయం పది గంటలకు గేటు దగ్గర సందర్శకుల చీటీ రాయించుకుంటాను. పని అన్న గడిలో, చూడడానికి అని రాస్తాను. రెండో అంతస్తుకు వెళ్లి, డైరెక్టరుగారు సంతకం పెట్టేదాకా బయట బెంచీ మీద కూర్చుంటాను. తర్వాత ఆ పుస్తకం చంకలో పెట్టుకుని, ఇరవై రెండు మెట్లు దిగి, ఎడమకు తిరుగుతాను.